కొత్త ఇంటి పెరడు: ఈ ఏడాదికి టైల్సూ వద్దు, లానూ వద్దు

మాఘంలో గృహప్రవేశం అయింది, తూర్పు ముఖం ఇల్లు, వెనక పడమర వైపు 100 గజాల ఖాళీ ఉంది అన్నారు. మొత్తం టైల్స్ వేయించేద్దామని మీవారు, లాన్ వేద్దామని మీరు. ఏ కాలంలో ఏ పని చెయ్యాలి, సాయంత్రం కాసేపు కూర్చోడానికి బాగుండాలంటే ఏం చెయ్యాలి అని అడిగారు.

మాది రాజమండ్రి దగ్గర, కడియం నర్సరీలకి బండి మీద పది నిమిషాలు. పదకొండేళ్ల కిందట మా ఇంట్లోనూ ఇదే గొడవ. ఇద్దరి మాటా చెల్లాలని సగం లాన్, సగం టైల్స్ వేయించాం. తర్వాత రెండూ పీకించాం. ఆ డబ్బుతో ఒక ఏడాది ఊరుకుని ఉంటే ఎంత బాగుండేదో ఇప్పుడు అనిపిస్తుంది.

ముందు లాన్ సంగతి. ఫిబ్రవరిలో పరిపించాం. పని చేసినతను ఎక్కడి నుంచో ట్రాక్టరు ఎర్రమట్టి తెచ్చి పోసి, దాని మీద గడ్డి ముక్కలు పేర్చాడు. మార్చి దాకా ఫొటోలు దిగాం. ఏప్రిల్లో రోజుకి రెండు పూటలు తడిపినా అంచులు చొప్పలా ఎండిపోయాయి. జూన్ వానలకి పచ్చబడింది కదా అని సంబరపడ్డాను. దగ్గరికెళ్లి చూస్తే అది గడ్డి కాదు, తుంగ. ఆ మట్టితో పాటే వచ్చింది. తుంగతో చిక్కేమిటంటే, కాడ పట్టుకుని లాగితే ఆకు సులువుగానే చేతికొస్తుంది. అడుగున ఉన్న చిన్న నల్ల గడ్డ మాత్రం మట్టిలోనే ఉండిపోతుంది. పదిహేను రోజులు తిరక్కుండానే మళ్లీ మొలుస్తుంది. వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు గునపంతో గడ్డతో సహా తవ్వి తియ్యాలి. నాకు రెండు వర్షాకాలాలు పట్టింది.

టైల్స్ వైపు ఇంకో బాధ. పడమటి ఎండ మధ్యాహ్నమంతా కాసి, రాత్రి తొమ్మిదింటికి కూడా అరికాళ్లు చురుక్కుమనేవి. వంటగది గోడ వేడి తగ్గేది కాదు. వాన నీళ్లన్నీ జారి వీధి కాలవలోకి పోయేవి. ఒక్కసారి లెక్కేసి చూడండి: 100 గజాలంటే దాదాపు 84 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. ఒక గట్టి వానకి 50 మిల్లీమీటర్లు పడిందంటే మీ పెరట్లోనే 4,200 లీటర్లు! అంత నీటిని బయటికి పంపించి, మేలో బోరు ఎండిపోయిందని ఏడవడం మేము చేసిన పని. నడిచే దారికి రెండడుగుల వెడల్పున నాపరాళ్లు, రాయికీ రాయికీ మధ్య మట్టి వదిలి వేయించుకుంటే చాలు. డాబా మీది నీళ్లు దిగే గొట్టం దగ్గర, పునాదికి దూరంగా, ఒక ఇంకుడు గుంత తీయించండి. వైశాఖంలో ఉన్నాం కాబట్టి ఇప్పుడు చెయ్యదగ్గ పని ఇదొక్కటే. మొక్కలు మాత్రం కొనకండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, కవరులో మొక్క ఎంత!

నీడ కోసం చెట్టంటే పడమర వైపే వెయ్యాలి, మధ్యాహ్నం ఎండని అడ్డుకునేది అదే. 100 గజాల్లో ఒక్క పెద్ద చెట్టుకే చోటుంటుంది, ఆ సంగతి ముందే అనుకోండి. నర్సరీకి వెళితే పది కొనబుద్ధేస్తుంది. మునగ వేగంగా పెరుగుతుంది గానీ కొమ్మ పెళుసు, పైగా వానాకాలం కాండం నిండా గొంగళిపురుగులు పడతాయి. దాని కింద మంచం వేసే ఆశ వదులుకోవాలి. కొబ్బరి కిందా అంతే. మా అరుగు వేపచెట్టు కింద ఉంది. ఉగాదికి ముందు పాత దుప్పటి పరిస్తే పచ్చడికి సరిపడా పువ్వు రాలుతుంది. ఫిబ్రవరి, మార్చిల్లో ఆకు రాలితే ఊడ్చుకోవాలి, అది నిజమే. ఆ ఆకుని నేను తగలబెట్టను. మూలన నాలుగు ఇటుకలు పేర్చి అందులో వేస్తాను, పైన కాస్త పేడ నీళ్లు. వచ్చే వానాకాలానికి ఎరువు. కాకపోతే ఆ కుప్ప గుమ్మానికి దూరంగా ఉండాలి, వానల్లో పాములు చేరతాయి.

మామిడి గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే అందరూ తప్పు చేసేది అక్కడే. మాది కొత్తపల్లి కొబ్బరి అనే రకం మామిడి అంటు. అయిదో ఏడు వచ్చినా పూత లేదు. అక్టోబరు వానలు వెళ్లగానే పాపం ఎండుతోందని నేను రోజూ బకెట్టు నీళ్లు పోసేదాన్ని. చెట్టు నిగనిగలాడుతూ లేత ఆకులు వేసేది, అంతే. ఒకరోజు మా అత్తగారు చూసి, "అమ్మాయ్, దానికి కడుపు నిండా పెడుతున్నావు, అది పూత మాట ఎందుకు తలుస్తుంది? నీళ్లు మానెయ్" అన్నారు. ఆ ఏడు దీపావళి నుంచి చుక్క నీరు పోయలేదు. నాకు రోజూ టెన్షనే. సంక్రాంతికి కొమ్మల చివర్లు ఉబ్బాయి, మాఘంలో పూత. కాపుకొచ్చిన మామిడికి శీతాకాలం మొదట్లో నీళ్లు ఆపాలి, పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ మొదలుపెట్టాలి. పూత మీద మందులు కొట్టమని ఎవరు చెప్పినా, అసలు తేనెమంచు పురుగు ఉందో లేదో చూసుకోండి. ఆకులు జిగటగా మెరుస్తుంటే ఉన్నట్టు. కొమ్మలు కొట్టాలనుకుంటే కాయ కోసేశాక, జూన్, జూలైల్లో కొట్టండి. శీతాకాలంలో కత్తిపట్టారంటే ఆ ఏడు పూతని కొట్టేసినట్టే. ఇంకోటి, అంటు కట్టిన చోటు మట్టిలోకి పోకూడదు, దాని కింద నుంచి వచ్చే చిగుళ్లు ఎప్పటికప్పుడు తుంచెయ్యాలి.

మల్లెకీ ఇంచుమించు ఇదే పద్ధతి. డిసెంబరులో నీళ్లు తగ్గించి ఎండగట్టి, జనవరిలో మోకాలెత్తున కత్తిరించి, మిగిలిన ఆకు దూసేస్తే మొక్క బోసిగా, చూడ్డానికి దిగులుగా ఉంటుంది. భయపడకండి. ఎరువేసి నీళ్లు పెట్టండి, మార్చికి మొగ్గ. నీడలో పెట్టారో, ఆకే తప్ప పువ్వుండదు.

కూరపాదులు వేస్తే సరదా ఎక్కువ, ఖర్చు తక్కువ. తొలకరికి బీర, పొట్ల, చిక్కుడు గింజలు పెడతాం. పొట్లకాయ వంకర తిరక్కుండా పిందెకి నూలుతాడుతో చిన్న రాయి కడతాం. ఇది మా మనవరాలి డ్యూటీ. బరువైన రాయి కట్టి రెండు పిందెలు తెంపాకే దానికి లెక్క తెలిసింది. నాటు చిక్కుడు మాత్రం దసరా దాకా ఆకే వేస్తుంది, పీకెయ్యాలనిపిస్తుంది. పొద్దు తగ్గితే గాని పూయదు. ఓపిక పడితే సంక్రాంతికి కూర, రథసప్తమికి రథం కట్టుకోడానికి కాయలు, పాయసం పెట్టడానికి ఆకులు మీ పందిరి నుంచే వస్తాయి. పేనుబంక పడితే బూడిద చల్లుతాను, లేదా గొట్టంతో గట్టిగా నీళ్లు కొడతాను. బంతి నారు జూలై ఆఖరుకి పోసుకుంటే దసరాకి గుమ్మానికి పూలు కొనక్కర్లేదు.

కరివేపాకు గురించి ఒక్క మాట. మా దగ్గర రెండేళ్లు జానెడు పెరగలేదు. తవ్వి చూస్తే మొక్క నాటినతను నల్ల కవరు తియ్యకుండానే పాతేశాడు! వేళ్లన్నీ లోపలే చుట్టుకుపోయాయి. ఎవరిచేత నాటించినా పక్కన నిలబడండి.

వానల్లో వారానికోసారి కుండీల కింద పళ్లేలు, కొబ్బరి చిప్పలు, పాత టైర్లు బోర్లించండి. డెంగీ దోమకి శుభ్రమైన నిలవనీళ్లే కావాలి. వయ్యారిభామ మొక్క కనిపిస్తే పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని పీకండి. మా ఆయనకి వట్టిచేతులతో పీకి నెల రోజులు దురద.

సెప్టెంబరు ఆఖరుకి తుఫాను పని. మీది కోస్తా అయితే దీన్ని వాయిదా వెయ్యకండి. ఎండు కొబ్బరి మట్టలు, ముదురు కాయలు దింపించడం, ఇంటి మీదకి వాలిన కొమ్మలు కొట్టించడం. మా అత్తగారికి ఏ విషయమైనా 96 నవంబరు తుఫానుకి ముందు, తర్వాత అనే లెక్క. ఆ రాత్రి వాళ్ల పెరట్లో కొబ్బరిచెట్లన్నీ పోయి, గోడవారన ఉన్న నిమ్మ ఒక్కటే మిగిలిందట.

ఇక కూర్చోడం. వేసవిలో మేము అయిదున్నరకి నేల తడిపి నవారు మంచం వేస్తాం, మల్లెమొగ్గలు కోసి అక్కడే మాల కట్టుకుంటాం, చీకటి పడేసరికి వాసన మొదలవుతుంది. డిసెంబరు వచ్చేసరికి అదే చోటు పొద్దున పనికిరాదు, ఇంటి నీడ అక్కడే పడుతుంది. అప్పుడు కుర్చీలు దక్షిణం మూలకి. అందుకే సిమెంటు బెంచీ ఇప్పుడే కట్టించకండి. ఏ నెలలో ఎక్కడికి కుర్చీ జరుపుకుంటున్నారో ఏడాది చూసుకుని, అప్పుడు కట్టించండి.

మృగశిర వెళ్లేలోపు ఒక పెద్ద వాన పడుతుంది. గొడుగు వేసుకుని వెనక్కి వెళ్లి, నీళ్లు ఎక్కడెక్కడ నిలుస్తున్నాయో అక్కడ పుల్లలు గుచ్చి రండి. మామిడి ఆ పుల్లల దగ్గర పెట్టకండి. అరటి పిలకైతే పెట్టొచ్చు.