రక్షణ పోతుందా అన్న ప్రశ్నపై రాస్తున్న సోదరికి

ఒంగోలు

ప్రియమైన సోదరికి,

ప్రభువు నామమున వందనాలు. కావలి నుంచి నీవు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. విశ్వాసి తన రక్షణను పోగొట్టుకోగలడా అన్న ప్రశ్నను తొలి వ్యాసానికే ఎత్తుకోవడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యమూ, వాక్యం మీద ప్రేమా నీ రాతలో ఉన్నాయి. అయినా దీన్ని ఇప్పుడే అచ్చుకు ఇవ్వవద్దని అడుగుతున్నాను. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదువమ్మా.

తండ్రి చేతిలోనుండి గొఱ్ఱెలను ఎవడూ అపహరింపలేడన్న ప్రభువు మాటను, దేవుని ప్రేమనుండి మనలను ఏదీ ఎడబాపనేరదన్న రోమా పత్రిక ఎనిమిదవ అధ్యాయాన్ని చక్కగా వివరించావు. హెబ్రీ పత్రిక ఆరవ అధ్యాయానికి వచ్చేసరికి మాత్రం నీ కలం తొందరపడింది. ‘వీరు మొదటినుంచీ నిజమైన విశ్వాసులు కారు’ అని ఒకే వాక్యం రాసి ముందుకు సాగిపోయావు. ఒకసారి వెలిగింపబడినవారు, పరలోక సంబంధమైన వరమును రుచి చూచినవారు, పరిశుద్ధాత్మలో పాలివారైనవారు అని అంత నిండుగా వర్ణించి, అటువంటివారు తప్పిపోతే వారిని మారుమనస్సుకు మళ్లీ తేవడం అసాధ్యమని చెప్పిన లేఖకునికి ఆ ఒక్క వాక్యంతో జవాబు చెప్పలేము. నీ అభిప్రాయానికి ఎదురు నిలిచే వచనాన్ని పూర్తిగా ఎత్తిరాయి. దాని బరువు పాఠకునికి తెలియనివ్వు. ఆ తరువాతే నీ సమాధానం మొదలుపెట్టు.

ఆ అధ్యాయాన్ని తొమ్మిదవ వచనం దాకా చదివితే నీకు కావలసిన దారి అక్కడే దొరుకుతుంది. ఒకే వర్షాన్ని తాగిన నేలలో ఒకటి పంటనిచ్చి ఆశీర్వాదం పొందుతుంది, మరొకటి ముండ్లతుప్పలు పెంచి శాపానికి దగ్గరవుతుంది అని చెప్పి, వెంటనే ఆ లేఖకుడు తన చదువరులవైపు తిరిగి, మీరు ఇంతకంటే మంచి స్థితిలో, రక్షణకరమైన స్థితిలో ఉన్నారని రూఢిగా నమ్ముతున్నానంటాడు. అంత భయంకరమైన హెచ్చరికా, అంత గట్టి నమ్మకమూ ఒకే మనిషి నోట, ఒకే గుక్కలో వచ్చాయి. ఈ రెండింటిలో ఒకదాన్ని దాచిన వ్యాసం ఆ పత్రికకు అన్యాయం చేస్తుంది.

నేను బాప్టిస్టు సంఘంలో పెరిగినవాడిని. దేవుడు తన వారిని చివరిదాకా కాపాడుతాడనే నమ్ముతాను. అయితే హెచ్చరికలు ఉత్తుత్తి బెదిరింపులని నమ్మను. అపొస్తలుల కార్యములు ఇరవై ఏడవ అధ్యాయంలో, ఓడలో ఉన్న ఎవరి ప్రాణానికీ హాని కలుగదని పౌలుకు దేవదూత ముందే చెప్పాడు. అదే పౌలు, ఓడవారు పడవ దింపి పారిపోజూసినప్పుడు, వీరు ఓడలో ఉంటేనే తప్ప మీరు తప్పించుకోలేరని శతాధిపతితో అన్నాడు. వాగ్దానం ఉన్నది గనుక హెచ్చరిక అక్కరలేదని అతడు అనుకోలేదు. సైనికులు పడవ త్రాళ్లు కోసివేసింది ఆ హెచ్చరిక విని కాదా? దేవుడు విశ్వాసిని కాపాడే సాధనాలలో హెచ్చరిక కూడా ఒకటని నాకు తోస్తుంది. నీ వ్యాసానికి ఇదే వెన్నెముక కాగలదని నా ఆశ.

‘బైబిలు తెలిసినవారెవరూ రక్షణ పోతుందనరు’ అన్న నీ వాక్యాన్ని తీసివేయి, అది నిజం కాదు. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ రక్షణ పోవచ్చని బోధించాడు. లూథరన్లూ నిజమైన విశ్వాసం నుంచి మనిషి తొలగిపోవచ్చనే అంటారు. 1610లో డచ్చి వేదాంతి అర్మీనియస్ అనుచరులు తమ అయిదవ అంశంలో ఈ సంగతిని ఇంకా పరిశోధించవలసినదిగా విడిచిపెట్టారు; 1618–19లో నెదర్లాండ్స్‌లో కూడిన డోర్ట్ సంఘ మహాసభ దేవుడు కాపాడుతాడని తీర్మానించింది. అంత దూరం ఎందుకు? నెల్లూరులో 1840లో అమెరికా మిషనరీ శామ్యూల్ డే బాప్టిస్టు పని ప్రారంభించాడు. అదే పాత జిల్లాలో సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ లూథరన్ సంఘాలను నాటింది. నీ వ్యాసం చదివేవారిలో ఆ ఇళ్లవారూ ఉంటారు, పెంతెకొస్తు సహోదరులూ ఉంటారు.

ఇక నన్ను ఎక్కువగా కలవరపెట్టినది నీ చివరి పేజీ. కుల ధ్రువీకరణ పత్రంలో హిందువునని రాయించుకున్న విశ్వాసి ప్రభువును ఎరుగనన్నాడు గనుక అతనికి రక్షణ లేదని తేల్చావు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితునికి ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో అతడు వెనుకబడిన తరగతుల్లోని బీసీ–సీ వర్గం కిందికి వస్తాడు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఎన్నో విశ్వాసుల ఇళ్లలో పిల్లల చదువు, ఉద్యోగం ఆ ఒక్క కాగితం మీద ఆధారపడి ఉన్నాయి. ఆ కాగితంలో సత్యం ఉండాలా అన్నది గంభీరమైన ప్రశ్నే, దానిపై విడిగా రాయి. కానీ పేతురు ముమ్మారు ఎరుగనన్నాడు, ఒట్టు పెట్టుకుని మరీ అన్నాడు. ప్రభువు సముద్రతీరాన అతనికి మళ్లీ గొఱ్ఱెలను అప్పగించాడు. ఆ సంగతి చెప్పకుండా, పిల్లల కోసం ఆ కాగితం రాయించుకున్న ఒక తల్లి మీద అంత తీర్పు మోపే హక్కు మనకు ఎవరిచ్చారు?

ఎవరి విశ్వాసం నిజమైనదో తేల్చడానికి జంకడం మన నేల మీద కొత్తది కాదు. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. అయితే తిండి కోసం వస్తున్నారేమోనని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపివేశాడు. పనులు ముగిశాక కూడా జనం అడుగుతూ వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిని దగ్గరగా ఎరిగిన సేవకుడు కూడా ఎవరి హృదయంలో ఏమున్నదో చూడలేకపోయాడు. ఆగి చూడగలిగాడు, అంతే. అందుచేత సంఘం విడిచి వెళ్లిన ఫలానా మనిషికి రక్షణ పోయిందని గానీ, అసలు ఎన్నడూ లేదని గానీ రాయవద్దు. అతడు తిరిగి రావాలని రాయి.

మరొక్క మాట. తాను క్షమించరాని పాపం చేశానేమోనని నిద్రపట్టక హెబ్రీ పత్రిక ఆరవ అధ్యాయాన్నే పదేపదే చదివే విశ్వాసులు ఉన్నారు. పోగొట్టుకున్నానేమో అని ఏడ్చేవారిలో మారుమనస్సు పొందాలన్న కోరిక ఇంకా బతికే ఉంది. ఆ అధ్యాయం వర్ణించిన కఠినత వారిలో లేదని వారికోసం స్పష్టంగా, నేరుగా వారితోనే మాట్లాడినట్టు రెండు పేరాలు రాయి.

హెబ్రీ పత్రిక భాగాన్ని మాత్రం ముందు తిరగరాసి పంపు. మిగిలినది ఆ తరువాత చూద్దాం. ఇంట్లో అందరికీ నా వందనాలు చెప్పు.

ప్రభువు సేవలో,
నీ పెద్దన్న