షాంఘైలో మౌతాయ్ కొంటే సింగపూర్‌లో ఆపుతారా?

షాంఘై డ్యూటీ ఫ్రీలో మౌతాయ్ (చైనావాళ్ల జొన్న మద్యం) కొని, సింగపూర్‌లో ఫ్లైట్ మారి హైదరాబాద్ వస్తే సెక్యూరిటీలో లాగేసుకుంటారా అని అడిగారు కదండీ. టెన్షన్ వద్దు. బిల్లు కొట్టేటప్పుడే మీకు ట్రాన్సిట్ ఉందని చెప్పండి. ఎర్ర అంచున్న పారదర్శక కవర్లో సీసా పెట్టి, బిల్లు బయటికి కనిపించేలా లోపలే ఉంచి సీల్ చేస్తారు. హైదరాబాద్‌లో దిగేదాకా ఆ సీల్ ముట్టుకోకండి. చిరిగిందంటే, క్యాబిన్ బ్యాగులో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాల సీసాలు ఉండకూడదన్న రూలు వర్తిస్తుంది, సీసా పోయినట్టే.

మన కస్టమ్స్ వాళ్లు మనిషికి 2 లీటర్లు వదిలేస్తారు, అంటే అరలీటరు సీసాలు నాలుగు.

నాన్నగారి కోసం అన్నారు కాబట్టి ఒక మాట. ఆయనకి ఫెన్‌జియు అనే ఇంకో చైనా మద్యం తీసుకోండి. రెండూ జొన్నతో చేసేవే అయినా, మౌతాయ్‌కి సోయా సాస్ లాంటి ఘాటు వాసన ఉంటుంది, కొత్తవాళ్లకి అంత తేలిగ్గా నచ్చదు. ఫెన్‌జియు వాసన తేలిక, ధర కూడా బాగా తక్కువ.