ఒకే దిశలో నడిచే ఫైబర్ లింకు

ప్రశ్న: రెండు కంప్యూటర్ల మధ్య సమాచారం ఒకే దిశలో వెళ్లాలని, మీడియా కన్వర్టర్లు (నెట్‌వర్క్ కేబుల్ సంకేతాన్ని ఫైబర్‌లో వెళ్లే కాంతిగా, కాంతిని తిరిగి సంకేతంగా మార్చే పెట్టెలు) పెట్టి, పంపే వైపు టీఎక్స్ (కాంతిని పంపే పోర్టు) నుంచి అందుకునే వైపు ఆర్ఎక్స్‌కు (కాంతిని అందుకునే పోర్టుకు) ఒక్క ఫైబరే కలిపాను. లింకు రావడం లేదు. ఎందుకు?

జవాబు: మీరు కలిపిన పద్ధతి సరైనదే, సాఫ్ట్‌వేర్‌ను ఎవరు ఎలా మార్చినా సమాచారం వెనక్కి రాలేకపోవడానికి తిరుగు దిశలో ఉండే రెండో ఫైబర్ లేకపోవడమే అసలైన రక్షణ. అయితే పంపే కన్వర్టర్ తన ఆర్ఎక్స్‌కు కాంతి అందకపోతే లింకు తెగిందనే భావిస్తుంది కనుక, మూడో కన్వర్టర్ టీఎక్స్ నుంచి దానికి కాంతి అందించండి. ఆ మూడోదానికి విద్యుత్తు తప్ప మరే నెట్‌వర్క్ కేబులూ తగిలించకండి. లింక్ ఫాల్ట్ పాస్ త్రూ (ఒక వైపు లింకు తెగితే రెండో వైపు లింకునూ ఆపేసే) సదుపాయం ఉంటే ఆపివేయండి. ఏఆర్‌పీకి (అవతలి కంప్యూటర్ మ్యాక్ చిరునామా ఏదని అడిగే ప్రశ్నకు) జవాబు రాదు కాబట్టి అవతలి మ్యాక్ చిరునామాను (నెట్‌వర్క్ కార్డు హార్డ్‌వేర్ చిరునామాను) స్వయంగా నమోదు చేయాలి. అవతలి నుంచి జవాబులు అందితేనే నడిచే టీసీపీ పద్ధతి పనిచేయదు, జవాబు కోసం చూడకుండా పంపే యూడీపీ వాడాలి. పోయిన ప్యాకెట్‌ను మళ్లీ అడిగే దారి లేదు కనుక, నిదానమైన వేగంతో ప్రతి ఫైలునూ రెండు మూడుసార్లు పంపి, అందుకున్న వైపు చెక్‌సమ్‌తో (ఫైలు మారిందో లేదో తెలిపే, దాని నుంచే లెక్కించిన సంఖ్యతో) సరిచూసుకోవడం తప్పనిసరి.