కుక్కకు చెవుడు లేదు, ముందు బాబును దవాఖానకు తీస్కపోండి

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర. బత్తాయి తోట కాపలాకని లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నం, ఇప్పుడు ఏడు నెలలు. ఎంత పిలిచినా రాదు, అన్నం గిన్నె చప్పుడైతే మాత్రం ఉరికొస్తది. గొర్ల మంద కనపడితే వెంటపడుతది. చెవులు దులుపుతుంటది, చెవుడేమో అనిపిస్తుంది. కొట్టినా వింటలేదు. కుక్కల సామాన్లు అమ్మే షాపాయన కరెంటు షాక్ ఇచ్చే పట్టీ కొనమంటున్నడు. మొన్న ఆడుకుంట మా బాబు చెయ్యి పట్టింది, పన్ను గీరుకుంటే పసుపు పెట్టినం. ఏం చెయ్యాలె?

జవాబు: అన్నా, మీరు ఆఖర్న రాసిందే మొదలు రాయాల్సింది. పసుపు కడిగేసి, ధారగా నీళ్లు పోసుకుంట సబ్బుతో 15 నిమిషాలు కడగండి, ఈ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీస్కపోండి. చర్మానికి వేసే రేబిస్ టీకా ఐతే మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు పడుతది, ఒక్కటి కూడా తప్పొద్దు. రక్తం వచ్చిందా లేదా డాక్టరుకు సరిగ్గా చెప్పండి, వస్తే గాయం దగ్గర సీరం (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా వెయ్యాలె.

ఇంత రాసిన్రు గానీ కుక్కకు టీకా వేయించినట్టు ఒక్క మాట లేదు. మూడు నెలలకే పడాల్సింది. ఇప్పుడు పది రోజులు కట్టేసి కంటి ముందర ఉంచండి, తిండి మానినా గొంతు మారినా దగ్గరకు పోకుండ వెంటనే పశువుల డాక్టరుకు చెప్పండి. బాగుంటే పదకొండో రోజు టీకా, నెలకు బూస్టర్, ఆ తర్వాత ఏడాదికోసారి. జూలై 6న పశువుల దవాఖానల్ల ఉచితంగ వేస్తరు, 1885ల లూయి పాశ్చర్ అనే శాస్త్రవేత్త ఒక పిల్లగానికి మొదటిసారి ఈ టీకా వేయించిన రోజు అది, కానీ మీరు అప్పటిదాకా ఆగొద్దు. నేను మహబూబ్‌నగర్ దిక్కు పశువుల డాక్టరుగ పనిచేసినప్పుడు ఒక బర్రె చొంగ కారుస్తుంటే గొంతుల ఏదో ఇరుక్కుందని ఇంటాయన మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికిండు, అది రేబిస్, ఇంటిల్లిపాదికి సూదులు వెయ్యాల్సొచ్చింది.

ఇగ చెవుడు సంగతి. గిన్నె చప్పుడుకు ఉరికొచ్చే కుక్కకు చెవుడేంది? పశువుల డాక్టరుకు చెవి మడత లేపి చూపియ్యండి, నల్లటి జిగురు, వాసన ఉంటే చీము పడ్డట్టు, లేకుంటే లోపల గోమార్లు (పిడుదులు) పట్టి ఉంటయి. నొప్పి ఉన్న కుక్క తల దగ్గరకు చెయ్యి రాంగనే పక్కకు జరుగుతది, దాన్నే మీరు మొండితనం అంటున్నరు. కొబ్బరి నూనె పొయ్యొద్దు, పత్తికి కొట్టే మందు అస్సలు పుయ్యొద్దు.

పిలిస్తే ఎందుకు వస్తలేదంటే, "రా" అన్నప్పుడల్లా గొలుసన్న పడుతుంది, దెబ్బన్న పడుతుంది, అది బాగానే నేర్చుకున్నది. కొట్టుడు ఇయ్యాల్టి నుంచి బంద్. పది రోజులైనంక గేటు మూసి వాకిట్ల, తిండికి ముందు ఐదు నిమిషాలు, పొద్దున మాపున. ఉడకబెట్టిన గుడ్డు శెనగ గింజంత ముక్కలు చేస్కొని రెండడుగుల దూరం నుంచి ఒక్కసారే "రా" అనండి, వచ్చిన సెకండ్లనే ముక్క నోట్లె పడాలె, మళ్ల విడిచిపెట్టండి, ప్రతిసారి గొలుసు వెయ్యొద్దు. దూరం పెంచుకుంట పోయి తర్వాత తోటల పది మీటర్ల తాడు కట్టి చేయించండి, గొర్లు దూరంగ కనపడుతున్నప్పుడు కూడా పిలిస్తే తిరిగొచ్చిన రోజు తాడు తీద్దురు గానీ, ముందు కాదు. ఉల్లిగడ్డ వేసిన కూర ముక్క పెట్టొద్దు, కుక్క రక్తానికి చెడు చేస్తది.

కూసోబెట్టుడు సులువు, ముక్కను ముక్కు దగ్గర నుంచి తల మీదుగ మెల్లగ వెనక్కి జరిపితే నడుం దానంతటదే కిందికి దిగుతది, నేలకు ఆనంగనే ముక్క ఇయ్యండి. కానీ మీరు "కూసో", పిల్లలు "సిట్", అవ్వ "కూకో" అంటే దానికేం సమజైతది? ఇంట్ల అందరిదీ ఒక్కటే మాట ఉండాలె.

ఆ షాపాయన కుక్క చెవి లేపి చూసిండా, టీకా అడిగిండా? గొర్లను చూసినప్పుడే షాక్ తగిలితే నొప్పి గొర్ల వల్లనే అనుకుంటది, ఇంకింత మీదికి పోతది. ఆ పైసలు టీకాకు, చెవి మందుకు పెట్టండి.

కుక్కను పశువుల దవాఖానకు తెచ్చేటప్పుడు మూతికి మెత్తటి గుడ్డ కట్టండి, ఎగపోస్తే విప్పండి. కుక్క చెవికి రేపటిదాకా ఆగొచ్చు, బాబుది మాత్రం ఈ పూటనే.