కొట్టేసిన నాలుగు నంబర్లు

హనుమకొండ
ఆదివారం పొద్దున

చిన్నోడా,

నిన్న పొద్దుమీకి మీ అమ్మ ఇంటికొచ్చి ఫోను నా చేతిల పెట్టింది. "చూడు బావా, నీ కొడుకు డాలస్‌ల ఏం దుకాణం పెట్టిండో" అన్నది. చూసిన. గరాజ్‌ల బల్ల, బల్లకు బిగించిన, తూటాలు నింపే ఎర్ర ప్రెస్సు, చిన్న తక్కెడ, డబ్బా నిండ కాల్చిన తూటాల ఇత్తడి ఖోకాలు, పక్కన ఎవరో దోస్తు ఇచ్చిన గుండు వేగం కొలిచే రెండు కండ్ల పాత క్రోనోగ్రాఫు. మొదలు నవ్వొచ్చింది. మన ఖాందాన్‌ల నా పని ఎవనికీ అంటలేదనుకున్న, ఆఖరికి కంప్యూటర్ ముందు కూసునేటోనికి అంటింది. తర్వాత ఆ ఫోటోను పెద్దగ చేసి ఒక్క సామాను కోసం మూల మూలకు వెతికిన. కండ్లద్దాలు ఎక్కడా కనబడలే. రాత్రి నిద్ర పట్టలే.

మీ అమ్మ భయం వేరే. ఎనభైలల్ల, తొంభైలల్ల పరకాల దిక్కు రాత్రి చప్పుడైతే దీపం ఊది పిల్లల నోరు మూసి పడుకున్న ఇల్లు ఆమెది. ఆమెకు తెలిసిన తుపాకి అదొక్కటే. కాయితం మీద చుక్కను కొట్టే ఆట అని చెప్పిన. "ఆటనే అయితే క్యారంబోర్డు దొరకలేదా?" అన్నది. ఇక్కడ లైసెన్సు లేకుండ తూటా తయారు చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద జైలు, అక్కడ అది ఆదివారం పూట కాలక్షేపం అన్న. నమ్మలే. చివరికి, ఇరవై రెండేండ్లు ఆర్మీల తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌గ చేసిన, అండ్ల కొన్నేండ్లు తూటా వేగమే కొలిచిన, వానికి నేను ఉత్తరం రాస్త అంటే చాయ్ తాగి పోయింది.

తేలిక ముచ్చట్లు ముందు. తూటాలు నింపే పుస్తకంల రాసిన కనీస పేలుడు మందు మోతాదు నుంచే మొదలుపెట్టు. బల్ల మీద ఒక్కటే మందు డబ్బా ఉండాలె. మందు తూచేటప్పుడు ఫోను ఇంకో అర్రల ఉండాలె, బీరు ఫ్రిజ్‌లనే ఉండాలె. పని అయినంక సబ్బుతోని చేతులు కడిగి, అంగి మార్చుకొని అప్పుడు బిడ్డను ఎత్తుకో, సీసం చేతులకు అంటుకుంటది. గివి నీకు తెలుసు. తెలిసినా రాస్తున్న.

ఇగ వేగం సంగతి. నువ్వు ఎందుకు కొలుస్తున్నవో ముందు మనసుల పెట్టుకో. తూటా పేలినప్పుడు లోపల ఎంత పీడనం పుట్టిందో చూసే యంత్రం నీ ఇంట్ల లేదు. బయటికి కనబడేది వేగం ఒక్కటే. అదే మందు, అదే గుండు వాడి పుస్తకం కంటె ఎక్కువ వేగం వచ్చిందంటే అది నీకు ఉట్టిగ దొరికిన లాభం కాదు, లోపల పీడనం పెరిగింది. ఇంకో మాట. పుస్తకమోళ్ళు 24 అంగుళాల బ్యారెల్‌తోని కొలిచి ఉంటరు. నీది 20 అంగుళాలదని మీ అమ్మ ఫోన్‌ల నువ్వే రాసినవు. గొట్టం తగ్గిన ఒక్కో అంగుళానికి వేగం సెకనుకు సుమారు ఇరవై, పాతిక అడుగులు తగ్గాలె. అంటే నీకు పుస్తకంతోని సమానంగ వచ్చినా ఎక్కువ వచ్చినట్టే. దీన్ని చానమంది సంబురంగ ఫోటో తీసి పెట్టుకుంటరు.

ఈ కొలుచుడు కొత్త విద్యేమీ కాదు. బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషాయన వేలాడే చెక్కను గుండుతోని కొట్టి, అది ఎంత దూరం ఊగిందో చూసి వేగం లెక్కగట్టిండు. 1742ల పుస్తకం అచ్చేసిండు. అదే మనిషి తర్వాత ఈస్టిండియా కంపెనీ కోటలు బాగుచేసేటందుకు మన దేశానికొచ్చి, 1751ల కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటల జ్వరంతోని పోయిండు. మా ఉస్తాదు చెప్పిండు ఇది. ఉస్తాదు కాలంల తీగ తెరలుండేవి, గుండు మొదటి తీగను తెంపితే గడియారం మొదలు, రెండో తీగ తెంపితే బంద్. నీ దోస్తు డబ్బాల తీగకు బదులు నీడ. గుండు నీడ మొదటి కన్ను మీద పడ్డప్పటి నుంచి రెండో కన్ను మీద పడేదాక లెక్క.

ఆ రెండు కండ్ల నడుమ రెండు అడుగులు అనుకో. సెకనుకు 2,700 అడుగుల గుండుకు ఆ దూరం దాటేటందుకు 0.74 మిల్లీసెకన్లు పడ్తది. కన్ను అంగుళంల ఎనిమిదో వంతు పక్కకు జరిగితే నంబరు 14 అడుగులు తప్పుతది. అందుకే మడత డబ్బా అయితే మడత పూర్తిగ విప్పి, స్టాండు మీద కదలకుండ బిగించు. రైఫిల్ మూతికి పది, పదిహేను అడుగుల అవతల పెట్టు. దగ్గర పెడితే గుండు కంటె ముందు మంట, గాలి తాకి మొదటి కన్ను మోసపోతది. ఎండ సూటిగ కొడితే మీద తెల్ల తెరలు వెయ్యి. మబ్బు పట్టిన రోజు అన్నిటికంటె మంచిది. ట్యూబులైట్ల కింద పెట్టకు, వాటి మినుకుకు అది ఉత్తగనే లెక్కపెడ్తది. ఇంకోటి, స్కోపుల నుంచి చూస్తే దారి సాఫు కనబడ్తది గని, బ్యారెల్ స్కోపుకు అంగుళంనర కింద ఉంటది. దోస్తు డబ్బాను పేల్చిన తర్వాత "కనబడలే" అంటే ఎవడు ఇంటడు? వెనక మూసే బోల్ట్ తీసేసి, బ్యారెల్ లోపల నుంచే కన్ను పెట్టి చూసుకో.

ఇగ నేను రాయాల్సింది రాస్త. ఇది మీ నాయినకు కూడ పూర్తిగ తెల్వదు.

మే నెల. నేనున్న కాల్పుల రేంజిల కొత్త మందుతోని నింపిన పరీక్ష తూటాలు వచ్చినయ్. మేమిద్దరం, నేను నంబరు రాసుడు, మా జోడీదారు కొట్టుడు. హుస్నాబాద్ దిక్కు మనిషి, మెస్సుల నాకు తెలుగు మాట్లాడే దిక్కు ఆయనొక్కడే. అంతకు ముందు రోజు మబ్బు, ఎండ దాగుడుమూతలాడి యంత్రం పిచ్చి నంబర్లు చూపిచ్చింది. ఒకసారి 3,100, ఒకసారి 1,900. సాహెబ్ అందరి ముందట నన్ను తిట్టిండు. తెల్లారి నేను యంత్రం మీద కోపంతోనే రేంజికి పోయిన.

తూటాల పెట్టె నీడల పెట్టుడు నా పని. దాన్ని బండి బానెట్ మీద పెట్టి మర్చిపోయిన. పదకొండు దాటింది. పెట్టె మీద చెయ్యి పెడితే సుర్రుమంటది. 2,750 రావాల్సిన దగ్గర మొదటిది 2,780 వచ్చింది. తర్వాత 2,805. తర్వాత 2,850. "మల్ల మొదలుపెట్టింది దొంగ యంత్రం" అని తెరలు సర్ది వచ్చిన. నాలుగోది 2,870. జోడీదారు బోల్ట్ లేపుకుంట "గట్టిగున్నది, అన్నా" అన్నడు. ఖోకా నా కాళ్ళకాడ పడ్డది. వంగి తీసిన. ఖోకా అడుగున మందును అంటించే చిన్న టోపీ ఉంటది, దాన్ని ప్రైమర్ అంటరు. దాని అంచు గుండ్రంగ ఉండాలె, అది రూపాయి బిళ్ళ లెక్క చదునైంది, పీడనం ఎక్కువైందనేటందుకు గుర్తు. చూసిన నేను. చూసి జేబుల వేసుకున్న. రిజిస్టర్‌ల నాలుగు నంబర్లను పెన్సిల్‌తోని అడ్డంగ కొట్టేసి, పక్కన "యంత్రం లోపం" అని రాసి, "కొట్టు" అన్న.

ఐదోదానికి ప్రైమర్ చిల్లుపడ్డది. వేడి గాలి బోల్ట్ పక్క నుంచి వెనక్కొచ్చి ఆయన కుడి కంట్ల కొట్టింది. కండ్లద్దాలు ఆయన చొక్కా జేబులనే ఉన్నయ్. చెమటకు మసకబడ్తున్నయని తీసిండు, నేను పెట్టుకొమ్మని అనలే. ఆయన మోకాళ్ళ మీద కూసున్నడు. అరవలే. "అన్నా, నీళ్ళు" అన్నడంతే. నా చేతిల పెన్సిల్ అట్లనే ఉన్నది.

మోతాదు ముందే అంచు మీద ఉన్నది, ఎండ దాన్ని అంచు దాటిచ్చింది. మందు వేడెక్కితే పీడనం పెరుగుతది, వేగం పెరుగుతది. ఆ రోజు యంత్రం నాలుగుసార్లు నిజం చెప్పింది. ముందు రోజు అబద్ధం చెప్పింది గనుక నేను నమ్మలే.

ఆయన నన్ను ఇప్పటిదాక ఒక్క మాట అనలే. దసరాకు ఫోన్ చేస్తడు. మీ అక్క పెండ్లికి వచ్చి, ముందు వరుసల కూసొని, కోడి చూసినట్టు మెడ పక్కకు తిప్పి తలంబ్రాలు చూసిండు. నువ్వు అప్పుడు చిన్నోనివి, "పెద్దనాయినా, ఆయనెందుకు అట్ల చూస్తడు?" అని అడిగినవు. నేను నిన్ను కసిరిన. గుర్తుందో లేదో.

మీ తాత ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీస్కపోతే సంచిల అయిదు కిలోల ఇనుప బాటు పెట్టుకపోయేటోడు. కాంటా మీద బస్తా ఎక్కకముందు తన బాటు పెట్టి చూసేటోడు. సేట్లు నవ్వేటోళ్ళు, నేనూ సిగ్గుపడేటోన్ని. ఆ మే నెల నా దగ్గర అట్లాంటి బాటు ఒక్కటున్నా, యంత్రం సక్కగున్నదని రెండు నిమిషాలల్ల తెలిసేది. నువ్వు ఒకే లాటు కంపెనీ .22 తూటాలు ఒక పెద్ద డబ్బా కొని పక్కన పెట్టు. రేంజికి పోయిన ప్రతిసారి అదే .22 రైఫిల్‌తోని ముందు వాటిల అయిదు కొట్టు. పోయిన నెల చెప్పిన నంబరుకు దగ్గరగ చెప్తే కాంటా సక్కగున్నది. అప్పుడు నీ తూటా ఎక్కువ చూపిస్తే తప్పు తూటాదే. ఆపు, సామాను సర్దు, ఇంటికి పో. మిగిలినవాటిని కొట్టి చూద్దామనకు, ఇంటికాడ విప్పుకో. తూటాలు నీడల, మూత పెట్టిన పెట్టెల ఉండాలె. కొట్టి కొట్టి వేడెక్కిన, తూటా కూసునే చాంబర్‌ల తూటా పెట్టి కబుర్లు చెప్పుకుంట కూసోకు.

నంబర్లు రాసేటప్పుడు ఎండ ఎంత, డిగ్రీలు కూడ రాయి. అయిదు రౌండ్లకు నంబర్ల చెదురు చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ 8 వచ్చిందని గంతులెయ్యకు. అయిదింటి మీద వచ్చిన 8 నిజానికి 5 కావచ్చు, 23 కూడ కావచ్చు. ఇరవై కొడితే 6 నుంచి 12 నడుమకు వస్తది. దగ్గర టార్గెట్‌కు ఇది పట్టింపు లేదు గని, నువ్వు వెయ్యి గజాలు కొడ్తనంటున్నవట. అక్కడ పాతిక అడుగుల తేడాకు గుండు జానెడు కిందికో మీదికో పోతది. పదిహేను అడుగుల దూరం పోయేసరికే ఓ పది అడుగుల వేగం తగ్గుతది, మూతి దగ్గరి లెక్క కావాలంటే అది కలుపుకో.

పైసలుంటే వేగం కొలిచే ఆ చిన్న రాడారు కొనుక్కో. రైఫిల్ పక్కన పెడితే చాలు, ఎండ, నీడ, తెరలు ఏ లొల్లి లేదు. మా కాలంల అది ఉంటేనా అని అసూయ అయితున్నది. బ్యారెల్‌కు కట్టే క్రోనోగ్రాఫు మాత్రం గుండ్లన్నీ ఒక్క చోట పడ్తున్నయా అని చూసేటప్పుడు వాడకు, దాని బరువుకు గుండు పడే చోటు మారుతది.

నాకు ఒకటి చెయ్యి. మొదటి రోజు వచ్చిన నంబర్లన్నీ, పిచ్చివనిపించినవి కూడ, ఒక్కటి కొట్టేయకుండ ఫోటో తీసి నాకు పంపు. దాని కంటె ముందు నువ్వు కండ్లద్దాలు పెట్టుకున్న ఫోటో పంపు. మీ అమ్మ మంగళవారం మల్ల వస్తనన్నది.

మీ పెద్దనాయిన