నాసిరకం రాకాసి సినిమాలు ఇంట్లో ఎలా చూస్తారు, నవ్వు రాదా?

వస్తుంది. సగం చూసేది అందుకే. మిగతా సగం, చేతిలో డబ్బు లేని దర్శకుడు ఎక్కడెక్కడ ఎలా నెట్టుకొచ్చాడో పట్టుకోవడానికి.

మాది కావలి. మా ఇంట్లో ఈ సినిమాలకు అసలైన విమర్శకుడు రొయ్యల చెరువులు చేసే మా బాబాయి. రాకాసి పీత ఓడను ముంచుతుంటే మేమంతా పీతను చూస్తాం, ఆయన నీళ్లు చూస్తారు. "ఆ చుక్కలు చూడరా, మన చెరువులో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ చిమ్మినట్టు లేవూ? ఓడ మూరెడు కూడా ఉండదు" అన్నారు ఒకసారి. అక్షరాలా నిజం. ఇంటినీ ఓడనూ ఎంత చిన్నగానైనా చేయవచ్చు గానీ నీటి చుక్కను చిన్నది చేయడం ఎవరి తరమూ కాదు. మంటలదీ అదే తంతు.

కదలికకు మాత్రం మందుంది. అసలులో 25వ వంతు బొమ్మ ఊరు కడితే, కెమెరాను 5 రెట్ల వేగంతో, అంటే సెకనుకు 24 బదులు 120 ఫ్రేములతో తిప్పాలి. దాన్ని మామూలు వేగంతో చూపితే కూలే మేడకు బరువు వస్తుంది. ఫిల్ము రోజుల్లో అలా తీస్తే ఫిల్మూ, దీపాల ఖర్చూ తడిసి మోపెడు. అందుకే చౌక సినిమాల్లో మేడలు అట్టపెట్టెల్లా టపటపా పడిపోతాయి.

రబ్బరు తొడుగును చూసి మాత్రం తీసిపారేయకండి. 1954 నాటి జపాన్ 'గాడ్జిల్లా'లోనూ లోపల మనిషే. మొదటి తొడుగు బరువు దాదాపు 100 కిలోలు. అది మోస్తూ నడిచినవాడికి దండం పెట్టాలి.

తొడుగుకూ డబ్బుల్లేని వాళ్లు నిజం బల్లినే బొమ్మ రోడ్ల మీద వదిలేవారు. 1959లో అమెరికాలో తీసిన అలాంటి సినిమా ఒకటి చూశాం. జనం పెడబొబ్బలు పెడుతుంటే బల్లి తాపీగా నాలుక చాపుతుంది. మా అమ్మకు జాలేసింది. "పాపం, దానికి దారి తెలియడం లేదు" అంది.

ఇప్పటి కంప్యూటర్ రాకాసులైతే పాదాల దగ్గర చూడండి. నీడ ఉండదు, దుమ్ము లేవదు. అది దాచడానికే రాత్రి, వాన, పొగ పెడతారు. ట్యూబులైటు ఆర్పితే గానీ ఏమీ కనిపించదు.

ఇంకొకటి, మొదటి అరగంటలో జంతువు దాదాపుగా రాదు. శాస్త్రవేత్తలు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటారు, మాటలకు ఖర్చు లేదు కదా. భోజనాలు అప్పుడే కానివ్వండి.