సర్టిఫికెట్లు నిండాయి, చీటీ మాత్రం మారలేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను జనరల్ ఫిజీషియన్‌ని. ప్రాక్టీస్ మొదలుపెట్టి పన్నెండేళ్లయింది. ఇన్ఫెక్షన్ల మీద ఎక్కడ సీఎంఈ (డాక్టర్లకు పెట్టే శిక్షణ సదస్సు) పెట్టినా వెళ్తాను, శ్రద్ధగా నోట్సు రాసుకుంటాను. సర్టిఫికెట్లతో ఫైలు నిండింది. కానీ మర్నాడు ఓపీలో కూర్చుంటే చెయ్యి పాత అలవాటు ప్రకారమే రాసేస్తుంది. దగ్గు, జ్వరం అనగానే అదే యాంటీబయాటిక్. రోజంతా రోగులను చూశాక చదివే ఓపిక ఉండటం లేదు. నాలాంటివాళ్లు ఎలా నేర్చుకోవాలి?

జవాబు: ‘నోట్సు రాసుకుంటాను’ అన్నారే, ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఎందుకో చెబుతాను.

చాలా ఏళ్ల కిందట నా దగ్గరికి ఒకాయన వచ్చారు. వయసు నలభై రెండు. మూడు వారాలుగా దగ్గు, సాయంత్రం పూట జ్వరం. ఎక్స్‌రేలో కుడివైపు మచ్చ. న్యుమోనియా అనుకుని లివోఫ్లాక్సాసిన్ రాశాను. నాలుగో రోజుకే తేలికపడిందని ఫోన్ చేశారు. మూడు వారాలకు మళ్లీ దగ్గు. మళ్లీ అదే మందు, మళ్లీ తగ్గింది. మూడోసారి వచ్చేసరికి మనిషి ఆరు కిలోలు తగ్గిపోయారు. అప్పుడు కళ్లె పరీక్షకు పంపితే టీబీ అని తేలింది. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. ఆ రెండు నెలలూ వాళ్లు ఆయన పక్కనే పడుకున్నారు.

లివోఫ్లాక్సాసిన్ జాతి మందులు టీబీ క్రిమి మీద కూడా పనిచేస్తాయి. అదొక్కటే ఇస్తే జబ్బు కొన్నాళ్లు అణిగినట్టుంటుంది, పరీక్షకు దొరక్కపోవచ్చు, ఆ మందుకు క్రిమి లొంగకుండానూ పోవచ్చు. ఇది నాకు తెలియక కాదు. ఆ రాత్రి పాత నోట్సు తిరగేస్తే, అంతకు మూడు నెలల ముందు విన్న ఉపన్యాసంలో ఈ సంగతి నా చేతిరాతతోనే ఉంది. కింద గీత కూడా గీసుకున్నాను.

కాబట్టి మీలో శ్రద్ధ లేదని బాధపడకండి. వైద్యుల చదువు మీద ఏళ్ల తరబడి జరిగిన అధ్యయనాలు చెప్పేదీ ఇదే: ఉత్త ఉపన్యాసం వల్ల మనం రాసే మందుల చీటీలో వచ్చే మార్పు చాలా తక్కువ. కేసు ముందు పెట్టుకుని చర్చించడం, మన చీటీలను లెక్కగట్టి మనకే చూపించడం తోడైతే కొంత కదలిక వస్తుంది.

ఆ తర్వాతి వారం నేనొక పొడుగు పుస్తకం పెట్టాను. యాంటీబయాటిక్ రాసినవాళ్లలో రోజుకు ముగ్గురు చాలు. పేరు వద్దు, ఓపీ నంబరే. ఏ జబ్బనుకున్నాను, ఏం చూసి అనుకున్నాను, ఏ మందు, ఏ తేదీన ఆపాలి, ఏం కనిపిస్తే నా అభిప్రాయం మార్చుకోవాలి. చివరి గడి ఖాళీగా వదిలేస్తాను. శనివారం కల్చర్ (రక్తం, మూత్రం వంటివాటిలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) రిపోర్టులు ముందు పెట్టుకుని, అవసరమైతే రోగికి ఫోన్ చేసి, ‘ఏమైంది’ అన్న ఆ గడి నింపుతాను. ఎక్కడ తప్పానో ఆ వారం అదొక్కటే చదువుతాను. అరగంట పడుతుంది, అంతే.

మొదటి నెలలోనే ఒక వరుస నన్ను పట్టుకుంది. డెబ్బై ఏళ్ల ఆవిడ, మూత్రం కల్చర్‌లో ఈ-కోలై అనే బ్యాక్టీరియా, మందు ఇచ్చాను. ‘ఏం చూసి’ అన్న గడిలో రాయడానికి మాత్రం ఏమీ లేదు. మంట లేదు, జ్వరం లేదు, నడుం నొప్పి లేదు. రిపోర్టు చూసి రాసేశాను. లక్షణాలు లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా కనిపిస్తే సాధారణంగా మందు అక్కర్లేదు. గర్భిణుల విషయం వేరు, మూత్రనాళంలో రక్తం వచ్చే ప్రొసీజర్ చేయబోయేవాళ్ల విషయం వేరు. ఆ ఖాళీ గడి చూశాక అలాంటి చీటీ మళ్లీ రాయలేదు.

‘ఏ తేదీన ఆపాలి’ అన్నది మరీ ముఖ్యం. ఏడు, పది, పద్నాలుగు అని ఎప్పుడో బట్టీపట్టిన అంకెలు మనవి. న్యుమోనియా త్వరగా కుదుటపడుతుంటే చాలామందికి 5 రోజులు సరిపోతుంది. రక్తంలో బ్యాక్టీరియా చేరినవాళ్లలో 7 రోజుల వైద్యం 14 రోజులకు ఏమీ తీసిపోదని 2024లో వచ్చిన బ్యాలెన్స్ ట్రయల్ చూపించింది. 7 దేశాల్లో 3,600 మందికి పైగా రోగుల మీద చేశారు. అయితే స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే క్రిమి ఉన్నవాళ్లను అందులో చేర్చుకోలేదు. ఈ చివరి వాక్యం కూడా రాసుకోండి, దయచేసి. ఆ క్రిమి రక్తంలో దొరికితే మళ్లీ కల్చర్లు తీయాలి, గుండెకు ఎకో చేయాలి, కనీసం 14 రోజులు ఇవ్వాలి. అక్కడ తొందరపడితే ప్రాణం మీదికొస్తుంది.

ఇంకొక్కటి చేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్స్‌ను యాక్సెస్ (మామూలు ఇన్ఫెక్షన్లకు ముందుగా వాడాల్సినవి), వాచ్ (క్రిములు లొంగకుండా పోయే ముప్పు ఎక్కువ కాబట్టి ఆచితూచి వాడాల్సినవి), రిజర్వ్ (చివరి అస్త్రంగా దాచుకోవాల్సినవి) అని మూడు గుంపులు చేసింది. ప్రతి వరుస పక్కనా మీరు రాసిన మందు ఏ గుంపుదో గుర్తు పెట్టి, నెలాఖరున లెక్కపెట్టండి. 2030 నాటికి ప్రపంచం మొత్తం వాడకంలో కనీసం 70 శాతం యాక్సెస్ మందులే ఉండాలని 2024లో ఐక్యరాజ్యసమితిలో దేశాలు ఒప్పుకున్నాయి. నా మొదటి నెల లెక్కలో సగానికి పైగా వాచ్ మందులే.

సీఎంఈలు మానొద్దు. తప్పిన వరుసల్లో ఒకటి పట్టుకెళ్లి అక్కడ అడగండి. సిగ్గనిపిస్తుంది, నాకూ అనిపించింది. నా టీబీ కేసు చెప్పాక, తమకూ ఇలాగే జరిగిందని ముగ్గురు లేచి చెప్పారు.

ప్రశ్న: వార్డులో స్టాఫ్ నర్సుని. ఇన్ఫెక్షన్ల మీద శిక్షణ అంటే డాక్టర్లనే పిలుస్తారు. మాకు అవసరం లేదా సార్?

జవాబు: చాలా అవసరం అమ్మా. బ్లడ్ కల్చర్ తీసేది చాలాచోట్ల మీరే. అది సరిగ్గా లేకపోతే మేమెంత చదివినా దండగ. పెద్దవాళ్లకు బాటిల్‌కు 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం పడాలి, రెండు సెట్లు, వీలైనంతవరకు యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే. షాక్‌లో (ఇన్ఫెక్షన్ ముదిరి రక్తపోటు పడిపోయిన స్థితిలో) ఉన్నవాళ్లకు మాత్రం కల్చర్ కోసం మందు ఆపకూడదు. చర్మానికి పూసిన మందు పూర్తిగా ఆరాకే సూది పెట్టాలి. బాటిల్ మూతను కూడా స్పిరిట్‌తో తుడవాలి, దీన్ని చాలామంది మరిచిపోతారు.

మీ వార్డు కల్చర్లలో ఎన్నింట్లో, రక్తంలోది కాకుండా తీసేటప్పుడు చేరిన చర్మం మీది క్రిమి పెరిగిందో నెలకోసారి మైక్రోబయాలజిస్టును అడగండి. 3 శాతం దాటకూడదు, 1 శాతానికి తేవాలన్నది ఇప్పటి లక్ష్యం. వాళ్లు చెప్పిన అంకెను బాటిళ్లు పెట్టే అల్మరా తలుపు మీద అంటించండి.